తొమ్మిది మైళ్ల నీళ్లు

2023 వేసవిలో ఒక వార్త తెలుగు ఫోన్లన్నీ చుట్టి వచ్చింది. ఐర్లాండ్ దీవుల్లో కాపురం పెట్టేవాళ్లకు అక్కడి ప్రభుత్వం 80 వేల యూరోలు, మన లెక్కలో 71 లక్షల రూపాయలు చేతిలో పెడుతుందట. నాకూ ముగ్గురు పంపారు. అందులో ఒకాయన "ఇల్లు అమ్మేసి పోదామా?" అని కింద రాశాడు.

ఆ వార్తలో సగమే నిజం. అది వలస వచ్చేవాళ్లకిచ్చే బహుమతి కాదు, వీసా అంతకన్నా కాదు. దీవుల్లో రెండేళ్లకు పైగా తాళం పడిన ఇంటిని కొనుక్కుని, బాగుచేయించుకుని, అందులో నివసించేవాళ్లకు మరమ్మతు ఖర్చు కింద ఇచ్చే సాయం. ఖాళీగా ఉన్న ఇంటికి 60 వేల యూరోల దాకా, కూలిపోయే స్థితిలో ఉన్నదానికి 84 వేల దాకా. ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చే డబ్బు కాదని ఐర్లాండ్ అధికారులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి మనవాళ్లు ఆ సంగతి మరిచిపోయారు.

నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఇళ్లకు తాళాలు ఎందుకు పడ్డాయి? వంతెన లేక, నీళ్లు దాటితే తప్ప చేరలేని దీవులు, ఆ సాయాన్ని ప్రకటించిన ప్రభుత్వ విధానం కింద 30 దాకా ఉన్నాయి. అన్నిటిలో కలిపి మనుషులు మూడు వేల లోపే. వాటిలో ఒకదాని గురించి కాస్త లోతుగా చదువుతూ పోతే, ఇళ్లు ఖాళీ కావడానికి పేదరికం, తుపాన్లు, చలి కన్నా సాదాసీదా కారణం ఒకటి కనబడింది. ఆ దీవి పేరు టోరీ. అక్కడివాళ్లు నూట యాభై ఏళ్లుగా పడుతున్న కష్టమంతా పడవల చుట్టూనే తిరుగుతుంది. ఏ పడవ వచ్చింది, ఎవరి కోసం వచ్చింది, ఏది రాలేదు అన్నవే అక్కడి చరిత్ర.

టోరీ ఐర్లాండ్‌కు వాయవ్య మూల, డోనెగాల్ కౌంటీ తీరానికి తొమ్మిది మైళ్ల దూరంలో ఉంది. పొడవు ఐదు కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు. ముఖ్యమైన పల్లెలు రెండు, పడమటూరు, తూర్పూరు. వాళ్ల భాషలోనూ ఆ పేర్లకు అర్థం అదే. ఆ భాష ఐరిష్. ఇంగ్లిష్ వచ్చి దేశాన్నంతా కప్పేసినా ఐరిష్ ఇంకా ఇంటి భాషగా మిగిలిన కొద్ది తీరప్రాంతాలను 'గేల్టాక్ట్' అంటారు. టోరీ అందులో ఒక కొస. తమ దీవి కాని మిగతా ఐర్లాండ్ అంతటినీ దీవివాళ్లు 'చీర్ మోర్' అంటారు. పెద్దనేల అని అర్థం. ఈ కథనంలో నేనూ ఆ మాటే వాడతాను.

దీవి మీద చెట్టు లేదు. అట్లాంటిక్ మీద వేల మైళ్లు అడ్డం లేకుండా పరుగెత్తుకొచ్చే గాలి దేన్నీ తలెత్తనివ్వదు. పొయ్యిలోకి కట్టె లేకపోతే ఐర్లాండ్ పల్లెల్లో పీట్ వాడతారు. వేల ఏళ్లుగా మొక్కలు కుళ్లి గడ్డకట్టిన బురద మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాల్చుకుంటారు. టోరీలో ఆ పీట్ కూడా తవ్వీ తవ్వీ అయిపోయింది. అది చాలక నేల మీది పచ్చిక పొరను కూడా చెక్కి కాల్చారు. తరవాత పెద్దనేల నుంచి పడవల్లో మోసుకొచ్చుకున్నారు. చలికి మంట వేసుకోవాలన్నా పడవ రావాలి.

తీరంలోని బేరగాళ్ల లెక్కలో అది చేపలు పట్టే పల్లె. దీవివాళ్ల లెక్కలో చేప, ఆలుగడ్డ, గొర్రె, కాసింత ఓట్స్ పంట, అన్నీ కలిస్తేనే కడుపు నిండేది. వాళ్ల పాత పడవ పేరు కురాఖ్. సన్నని చెక్క బద్దలతో చట్రం కట్టి, పైన తారు పూసిన గుడ్డ బిగిస్తారు. పెద్ద కెరటం తాకితే పగలకుండా వంగుతుంది. ఇద్దరు మనుషులు భుజాన మోసుకుపోగలరు. ఒకప్పుడు మోసుకుపోక తప్పేది కాదు కూడా. పడవ నిలిపి ఉంచడానికి దీవికి సరైన రేవు ఉండేది కాదు, ప్రతిసారీ ఒడ్డుకు ఎత్తి పెట్టాల్సి వచ్చేది. టోరీ కురాఖ్‌లలో ఒక రకాన్ని ముందువైపు మోకాళ్ల మీద కూర్చుని తెడ్డుతో తోసేవారు. ఐర్లాండ్‌లో మిగతా చోట్ల దాదాపు మరుగున పడిన పద్ధతి అది. పడవల మీద పరిశోధన చేసేవాళ్లు దాన్ని చూడడానికే అక్కడికి వెళ్లారు.

రాబిన్ ఫాక్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1960లలో టోరీలో ఉండి, అక్కడి చుట్టరికాలన్నీ రాసుకుని, 1978లో పుస్తకం వేశాడు. పడవలో ఎవరెవరు వేటకు వెళ్తారన్నది కూడా చుట్టరికాన్ని బట్టే ఉంటుందని అందులో లెక్కలతో చూపించాడు. అంతకన్నా నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. పెళ్లయిన జంటల్లో కొందరు పెళ్లి తరవాత కూడా ఎవరి పుట్టింట్లో వాళ్లే ఉండేవారట. ముసలి తల్లిదండ్రులను చూసే దిక్కు ఎవరు, ఇంటి చెక్క భూమిని దున్నే చెయ్యి ఎవరిది అనే ప్రశ్నలకు దీవి కనిపెట్టుకున్న జవాబు అది. పొద్దంతా ఎవరింట్లో వాళ్లు పనిచేసుకుని, సాయంత్రం కలుసుకుంటారు. ఐదు కిలోమీటర్ల నేలలో ఎవరు ఎవరికి దూరం గనక! కొడుకులకూ కూతుళ్లకూ భూమి పంచి, పేలికలైన చెక్కలను మళ్లీ సర్దుకునే లెక్కలన్నీ నోటి మీదే నడిచేవి. తగువొస్తే తీర్చడానికి 'రీ' అనే పెద్ద ఉండేవాడు. రీ అంటే రాజు. కిరీటం, పన్ను, సైన్యం ఏవీ లేని రాజు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత ఒద్దికగా బతకడం తెలిసినవాళ్లను పెద్దనేల ఎప్పుడూ 'చేతగానివాళ్లు' అనే చూసింది కాబట్టి.

ఇక పడవల సంగతి.

1884 సెప్టెంబరు 22 తెల్లవారుజామున బ్రిటిష్ నౌకాదళపు తుపాకుల ఓడ 'వాస్ప్' టోరీ దీపస్తంభం కింద రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. ఓడలో 58 మంది ఉంటే ఆరుగురు బతికారు. ఆ స్తంభంలో దీపం 1832 నుంచీ వెలుగుతూనే ఉంది. ఓడ ఎందుకు అంత దగ్గరకు వచ్చిందో అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. చరిత్రకారుల లెక్క ప్రకారం అది వెళ్తున్నది టోరీకి కాదు. ఉత్తరాన ఇనిష్ట్రహల్ అనే మరో దీవి నుంచి శిస్తు కట్టలేని కుటుంబాలను ఖాళీ చేయించే పని మీద అధికారులను ఎక్కించుకోవడానికి పోతోంది. టోరీ జనం మాత్రం అది తమ మీదికే వచ్చిందని నమ్మారు. వాళ్లు కూడా అప్పటికి ఏళ్ల తరబడి భూస్వామికి శిస్తు ఇవ్వకుండా మొండికేసి ఉన్నారు. దీవిలో ఒక శాపపు రాయి ఉండేదని, దాన్ని తిప్పామని, అందుకే ఓడ మునిగిందని చెప్పుకున్నారు. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. మీ ఇంటికి వచ్చే ప్రభుత్వ ఓడ తుపాకులతోనే వస్తుందని తెలిసినప్పుడు, రాయి తప్ప చేతికి మరేం దొరుకుతుంది? అయినా ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికులను ఆ దీవి మట్టిలోనే పూడ్చారు.

1903లో 'కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు' అనే సర్కారు సంస్థ భూస్వామి నుంచి దీవిని కొనేసింది. శిస్తు బాధ తీరింది. ఆ బోర్డు చేపలను ఉప్పులో నిలవచేసే కేంద్రం పెట్టించింది, పెద్ద పడవలు ఇప్పించింది. కొన్నేళ్లు హెర్రింగ్ చేప బాగా దొరికింది. తరవాత ధర పడింది, చేపా పలచబడింది. అక్కణ్నుంచి డోనెగాల్ తీరమంతటికీ ఒకటే దారి. వేసవి రాగానే కుర్రాళ్లు, ఆడపిల్లలు స్కాట్లండ్‌కు ఆలుగడ్డలు ఏరడానికి పోవడం, మగవాళ్లు సొరంగాల పనికి, రోడ్ల పనికి పోవడం. వాళ్లు పంపే కాసులతో దీవి చలికాలం గడిపేది.

చలికాలం అన్నానుగానీ, మనకు తెలిసిన చలికాలానికీ దానికీ పొంతన లేదు. అక్టోబరు దాటాక సముద్రం ఒక పట్టాన దారి ఇవ్వదు. పడవ ఒక రోజు రాకపోతే కొట్లో పాలు అయిపోతాయి. వారం రాకపోతే కూరగాయలు, మందులు అయిపోతాయి. కాన్పు దగ్గరపడిన ఆడమనిషి నెలలు నిండకముందే ఇల్లు వదిలి పెద్దనేలకు పోయి ఎదురుచూడాలి. ఆస్పత్రిలో పోయిన పెద్దాయనను సొంత మట్టిలో కలపాలంటే శవపేటికతో ఒడ్డున నిలబడి గాలి తగ్గేదాకా ఆగాలి. ఎదురుగా పెద్దనేల కొండలు స్పష్టంగా కనబడుతూనే ఉంటాయి. రాత్రుళ్లు అక్కడి దీపాలూ కనబడతాయి.

1974లో తుపాను మీద తుపాను వచ్చి దాదాపు ఎనిమిది వారాలు టోరీకి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. దీవి చరిత్రను అది రెండుగా చీల్చింది. తుపాను తగ్గాక పెద్దనేల పెద్దలు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ దీవికి గట్టి రేవు, గట్టి పడవ ఎందుకు లేవు? వాళ్లు వేసుకున్న ప్రశ్న ఇంకొకటి: ఈ దీవిలో మనుషులెందుకు? అలా దీవిని పూర్తిగా ఖాళీ చేయించే ఆలోచన మొదలైంది. అప్పటికి అది కొత్త ఆలోచన కూడా కాదు. 1953 నవంబరులో కెర్రీ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్ దీవిని అలాగే ఖాళీ చేయించారు. ఆ దీవి నుంచి ఐరిష్ సాహిత్యానికి గొప్ప ఆత్మకథలు వచ్చాయి. తోమాస్ ఓ క్రిహన్, పేగ్ సేయర్స్ పేర్లు బడి పిల్లలకు కూడా తెలుసు. అంత పేరున్న దీవికే దిక్కు లేకపోతే టోరీ ఎంత?

1980ల మొదట్లో టోరీ కుటుంబాలు కొన్నిటికి పెద్దనేల మీద, ఫాల్కారా ఊళ్లో ప్రభుత్వ ఇళ్లు ఇచ్చారు. వెళ్లినవాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు. పిల్లల తల్లి ఎనిమిది వారాల తుపానును మరిచిపోలేదు. కానీ ఒక కుటుంబం వెళ్తే పడవకు ఒక చెయ్యి తగ్గుతుంది, బడికి ఇద్దరు పిల్లలు తగ్గుతారు, ఆ తగ్గడం చూసి పక్కింటివాళ్లు ఆలోచనలో పడతారు. 1971లో 270 మంది దాకా ఉన్న దీవిలో ఇరవై ఏళ్లు తిరిగేసరికి అందులో సగం మంది కూడా మిగల్లేదు.

అదే సమయంలో, 1980లో, ఒక జెసూయిట్ (కాథలిక్) పాదిరీ టోరీకి వచ్చాడు. పేరు దియర్మిద్ ఓ పేకీన్. డబ్లిన్ మనిషి. విదేశాల్లో పనిచేసి, అరవై దాటాక ఐరిష్ భాషను మెరుగుపరచుకుందామని కొద్ది రోజులకు వచ్చినవాడు, దీవి పరిస్థితి చూసి కొన్నేళ్లు అక్కడే ఉండిపోయాడు. ప్రార్థనలు చదివి ఊరుకోలేదు. మంత్రులకు ఉత్తరాలు, పత్రికలకు ఉత్తరాలు, దీవి జనంతో సమావేశాలు. నీళ్లు, కరెంటు, పడవ, రేవు కావాలని పోరు పెట్టాడు. డబ్లిన్ వినకపోతే యూరప్ దాకా పోయాడు. అక్కడ ఆయనకు సాయపడినవాళ్లలో ఇయాన్ పెయిస్లీ ఉన్నాడంటే ఐరిష్ రాజకీయాలు కాస్త తెలిసినవాళ్లు కళ్లు పెద్దవి చేస్తారు. పెయిస్లీ ఉత్తర ఐర్లాండ్ ప్రొటెస్టంట్ నాయకుడు, కాథలిక్ చర్చిని జీవితమంతా దుమ్మెత్తిపోసినవాడు. మునిగిపోతున్న ఒక ఊరి కోసం ఆ ఇద్దరూ మాట కలుపుకున్నారు. దీవిని ఖాళీ చేయించడం ఆగింది. ఆ తరవాతి ఏళ్లలో రేవు కట్టారు, పడవ క్రమంగా రావడం మొదలైంది, 1990లలో ఒక హోటల్ కూడా వచ్చింది. టోరీ బతికింది. ఓ పేకీన్ 2008లో పోయేదాకా ఐర్లాండ్ దీవులన్నిటి తరఫునా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ పోరాటంలో దీవి కూడా తన వంతు చేసింది. అదొక అందమైన కథ. 1956లో డెరెక్ హిల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు టోరీకి వచ్చి బొమ్మలు వేసుకుంటుంటే, జేమ్స్ డిక్సన్ అనే ముసలి మత్స్యకారుడు చూసి, ఇంతకన్నా నేనే బాగా వేస్తానన్నాడు. హిల్ నవ్వి ఊరుకోలేదు, రంగులు పంపాడు. కుంచెలు కూడా పంపుతానంటే డిక్సన్ వద్దన్నాడు. గాడిద తోక వెంట్రుకలతో తన కుంచె తనే చేసుకున్నాడు. తుపానులో ఊగే ఓడలు, పక్షులు, ఆకాశం నుంచి చూసినట్టున్న దీవి ఇళ్లు వేశాడు. అతన్ని చూసి మరికొందరు కుంచె పట్టారు. చిత్రకళ చదువేదీ లేని మత్స్యకారుల బొమ్మలు బెల్‌ఫాస్ట్‌లో, ఆపైన దేశం బయటా గోడలకెక్కాయి. ఆ బొమ్మల్లో సముద్రం ఎప్పుడూ దృశ్యంలా ఉండదు, పని చోటులా ఉంటుంది. వాటిని చూసినవాళ్లకు టోరీ అనే పేరు గుర్తుండిపోయింది. ఖాళీ చేయిస్తారన్న మాట వచ్చినప్పుడు అది అక్కరకొచ్చింది. ఆ చిత్రకారుల్లో ఒకడైన ప్యాట్సీ డాన్ రోజర్స్‌ను తరవాతి రోజుల్లో దీవి తన రాజుగా ఎన్నుకుంది. రేవులో దిగిన ప్రతి మనిషినీ చేయి కలిపి పలకరించడం ఆయన రాజధర్మంగా పెట్టుకున్నాడు.

రేవు వచ్చాక కష్టం తీరి ఉండాల్సింది. ఇంకో వైపు నుంచి వచ్చింది.

టోరీ వేటలో డబ్బు చేతికొచ్చేది సాల్మన్ చేపతో. వేసవిలో కొద్ది వారాలు సాల్మన్ గుంపులు పుట్టిన నదుల కోసం తీరం వెంట తిరిగి వచ్చేటప్పుడు, దారిలో తేలుడు వలలు వేసి పట్టేవారు. ఆ వారాల సంపాదనతో ఇంటి ఏడాది ఖర్చు గట్టెక్కేది. 2006 చివర్లో ఐర్లాండ్ ప్రభుత్వం సముద్రంలో సాల్మన్‌కు తేలుడు వలలు వేయడాన్ని ఆపేసింది. 2007 నుంచి అది పూర్తిగా బంద్. మన తీరంలో వేట నిషేధమంటే ఏడాదికి 61 రోజులు. చేప గుడ్లు పెట్టుకునేదాకా ఆగి మళ్లీ వల తీస్తారు. అక్కడ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

నిషేధానికి కారణం లేదనను. సాల్మన్ నిజంగానే తగ్గిపోతోంది. సముద్రంలో వల వేస్తే ఏ నది చేప పడుతుందో తెలియదు, కొన ఊపిరితో ఉన్న నది చేప కూడా పడుతుంది. శాస్త్రవేత్తల ఆ వాదనకు బలముంది. వల వదులుకున్నవాళ్లకు పరిహారమూ ఇచ్చారు. కానీ పరిహారం ఒకసారి వస్తుంది, ఖర్చవుతుంది. వల మూలన పడ్డాక కొడుకుకు నేర్పడానికి ఏం మిగిలింది? పైగా సాల్మన్ కోలుకోలేదు. 1975లో ఐర్లాండ్ తీరానికి తిరిగొచ్చిన సాల్మన్ 17 లక్షలకు పైగా అని లెక్క. 2022లో అది 1.7 లక్షల దగ్గరకు పడిపోయింది. దీవివాళ్ల వలలు తీసేసి పదిహేనేళ్లయ్యాక వచ్చిన అంకె ఇది. వేడెక్కుతున్న సముద్రం, నదుల కాలుష్యం, చేపల పెంపకం కేంద్రాల నుంచి వచ్చే పేలు, ఇలా ఇంకా ఎన్నో కారణాలున్నాయని అందరికీ తెలుసు. వాటిలో తేలిగ్గా ఆపగలిగింది చిన్న పడవ వాడిని. అతన్నే ఆపారు.

మిగతా చేపల పరిస్థితీ అంతే. మాకరెల్ కోటాలో అధికభాగం డోనెగాల్‌లోనే ఉన్న కిల్లీబెగ్స్ లాంటి పెద్ద రేవుల భారీ ఓడలది. దీవి మనిషి తన గుమ్మం ముందు ఎగిరే చేపను చూస్తూ, కాగితం లేక పట్టుకోలేడు. అతనికి మిగిలింది బుట్టలు దింపి పీతలు, లాబ్‌స్టర్లు పట్టుకోవడం. 2014లో ఐర్లాండ్ పార్లమెంటు సంఘం ఒకటి ఈ గోడు విని, దీవుల్లో చిన్న పడవల మీద, పాత పద్ధతుల్లో వేటాడేవాళ్లకు వారసత్వ లైసెన్సు ఇవ్వాలని సిఫారసు చేసింది. 2017లో అందుకు బిల్లు కూడా పెట్టారు. అది చట్టం కాలేదు.

నన్ను అడిగితే, టోరీకి జరిగిన అన్యాయాల్లో తుపాకుల ఓడ కన్నా ఇది పెద్దది. ఓడ రాళ్లకు కొట్టుకుని పోయింది. ఇది ఇంకా ఉంది.

ఇక్కడ భాష సంగతి చెప్పాలి. ఐరిష్ ఆ దేశానికి రాజ్యాంగం ప్రకారం మొదటి అధికార భాష. 2022 నుంచి యూరోపియన్ యూనియన్‌లో పూర్తి హోదా ఉన్న భాష కూడా. ప్రతి చట్టాన్నీ దానిలోకి అనువదించడానికి ఉద్యోగులున్నారు. అదే ఏడాది జనగణనలో 18 లక్షల మందికి పైగా తమకు ఐరిష్ వచ్చునన్నారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు ఎందరంటే 72 వేల లోపు. వాళ్లలోనూ గేల్టాక్ట్ ఊళ్లలో ఉన్నవాళ్లు 20 వేల చిల్లర. దేశం భాషను ప్రేమిస్తోంది, పరీక్షల్లో రాస్తోంది, బోర్డుల మీద చెక్కుతోంది. ఆ భాషలో పిల్లలను కోప్పడే ఊళ్లు మాత్రం కొన్నే. ఐరిష్‌లో వల ముడికి, కెరటం తీరుకు, గాలి మలుపుకు ఉన్న మాటలు వేటతోపాటు పుట్టాయి, వేటలోనే వాడుకలో ఉన్నాయి. తండ్రి పడవలో కొడుకు లేకపోతే ఆ మాటలు ఎవరి చెవిన పడతాయి? బడిలో వ్యాకరణం నేర్పగలరు. తెల్లవారుజామున రేవులో ఆకాశం చూసి 'ఇవాళ వద్దు' అని చెప్పే ఆ ఒక్క మాటలోని బరువును బడి నేర్పలేదు.

బడి అంటే గుర్తొచ్చింది. 1999 దాకా టోరీ పిల్లలు పన్నెండేళ్లకు దీవి విడిచి పోవాల్సిందే. పెద్దచదువుకు దీవిలో బడి లేదు. పెద్దనేలలో ఇంకొకరింట్లోనో హాస్టల్లోనో ఉండి, సముద్రం ఒప్పుకున్నప్పుడు ఇంటికొచ్చేవారు. అలా వెళ్లిన పిల్లల్లో చాలామంది ఆ తరవాత చుట్టపుచూపుకే వచ్చారు. 1999లో దీవిలోనే ఉన్నత పాఠశాల పెట్టారు. దేశంలోకెల్లా చిన్న ఉన్నత పాఠశాలల్లో అదొకటి. కొద్దిమంది పిల్లల కోసం అన్ని సబ్జెక్టులకూ టీచర్లా అని గొణిగినవాళ్లు ఉంటే ఉండవచ్చు. నా దృష్టిలో ఆ దీవికి పెద్దనేల చేసిన మంచి పనుల్లో రేవు తరవాత ఇదే.

ఇక చివరి పడవ. 2018లో టోరీకి ఫెర్రీ నడిపే కాంట్రాక్టు మారింది. కొత్తగా కేటాయించిన పడవ నలభై ఏళ్లు దాటింది. అది తమ చలికాలపు సముద్రానికి పనికిరాదని, ముసలివాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఎక్కి దిగడానికి వీలుగా లేదని దీవివాళ్లు మొత్తుకున్నారు. డబ్లిన్ దాకా పోయి నిరసన చెప్పారు. ఇలాగైతే దీవి వదిలేస్తామన్నారు. నూట పాతిక మంది కూడా లేని ఊరు రాజధానికి పోయి 'మా పడవ మాకు నచ్చినట్టు ఉండాలి' అనడం పెద్దనేలలో కొందరికి మరీ ఎక్కువ అనిపించింది. పట్నంలో బస్సు ఆగిపోతే ఇంకో బస్సు ఉంటుంది. టోరీకి ఆ పడవే బస్సు, అంబులెన్సు, కిరాణా లారీ, పోస్టు, పెళ్లి బండి, శవ వాహనం. ఆ సముద్రంలో పుట్టి పెరిగినవాళ్లు ఈ పడవ చాలదంటే, ఆ మాటను మించిన ఇంజనీరింగ్ నివేదిక ఏముంటుంది?

ఈ దీవికే సరిపోయేలా కొత్త పడవ కట్టిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో రాజు ప్యాట్సీ డాన్ రోజర్స్ 74 ఏళ్ల వయసులో పోయాడు. 2023లో దీవుల కొత్త విధానాన్ని విడుదల చేసి, 84 వేల యూరోల సంగతి ప్రపంచమంతా పాకేనాటికీ ఆ పడవ నీళ్లలోకి దిగలేదు.

అందుకే ఆ 71 లక్షల వార్త చూసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఇంటి మరమ్మతుకు డబ్బివ్వడం మంచిదే, కాదనను. కానీ తాళం పడిన ఇళ్లు గోడలు బాగాలేక ఖాళీ కాలేదు. ముందు నమ్మకమైన పడవ, తరవాత చిన్న పడవకు చేప పట్టుకునే హక్కు, ఆ తరవాత ఇల్లు. ఈ వరస తిరగేస్తే బాగైన ఇంట్లో వేసవికి వచ్చిపోయేవాళ్లు మిగులుతారు. వాళ్లూ మంచివాళ్లే కావచ్చు, కానీ ఫిబ్రవరిలో పడవ తాడు పట్టుకునే చెయ్యి వాళ్లది కాదు.

2016లో 119కి పడిపోయిన టోరీ జనాభా 2022 జనగణనలో 141కి పెరిగింది. ఆ 22 మందిని తక్కువగా చూడకండి. ఖాళీ చేయించడానికి ముహూర్తం పెట్టిన ఊరిలో, యాభై ఏళ్ల తరవాత మనుషులు పెరిగారు.

డబ్లిన్‌లో, కార్క్‌లో, గాల్వేలో వేలమంది తెలుగువాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్లకు ఒక మనవి. వచ్చే జూన్‌లో రెండు రోజులు సెలవు పెట్టి డోనెగాల్ దాకా వెళ్లండి. డబ్లిన్ నుంచి కారులో నాలుగైదు గంటల దారి. మహరోర్టీ రేవులో పడవ ఎక్కితే ముప్పావుగంటలో టోరీ. వెంటనే తిరిగి రాకండి, రాత్రి అక్కడే ఉండండి. కోతకు రాని గడ్డిలో దాక్కుని రాత్రంతా గీకినట్టు కూసే కార్న్‌క్రేక్ పిట్ట ఐర్లాండ్‌లో దాదాపు మాయమైంది, అక్కడ ఇంకా ఉంది, వినండి. దీవివాళ్లతో వచ్చిన నాలుగు ముక్కల ఐరిష్‌లో మాట్లాడండి. పోయిన చలికాలం పడవ ఎన్ని రోజులు రాలేదో అడగండి. తిరిగొచ్చాక మీ నియోజకవర్గపు ప్రజాప్రతినిధికి ఆ జవాబును ఉత్తరంగా రాయండి. అక్కడ పన్ను కడుతున్నారు, స్థానిక ఎన్నికల్లో మీకు ఓటు హక్కూ ఉంది. ఆ ఉత్తరానికి విలువ ఉంటుంది.